దుస్తులు – దుబారా – మన బాధ్యత

(సొసైటీ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి యేడూ ఈ వేదిక మీద చదువుల గురించి, ఉద్యోగాల గురించి, స్కాలర్‌షిప్పుల గురించి మాట్లాడుకుంటున్నాము. అవన్నీ అవసరమే. ఈసారి మాత్రం మేము ఒంటిమీది బట్ట గురించి నాలుగు మాటలు మనవి చేయదలచుకున్నాము. "ఇదేం విషయమండీ, బట్టలు ఎవరిష్టం వారివి గదా!" అని కొందరు అనుకోవచ్చు. నిజమే, ఎవరిష్టం వారిదే. ఏం కట్టుకోవాలి, ఎలా కట్టుకోవాలి అని చెప్పడానికి మేమిక్కడ నిలబడలేదు. ఎన్ని కొంటున్నాం? వాటిని ఎవరు కుడుతున్నారు? ఎన్నాళ్ళు తొడుగుతున్నాం? ఆ తర్వాత వాటి గతి ఏమవుతున్నది? అందుకు చేసిన అప్పు ఎవరు తీరుస్తున్నారు? ఈ అయిదు ప్రశ్నలే మా ప్రసంగం.

బట్టతో మన బంధుత్వం

మన ప్రాంతపు ముస్లిములకూ బట్టకూ ఉన్న సంబంధం నిన్న మొన్నటిది కాదు. దూదేకుల వారు, నూర్‌బాషాలు, పింజారీలు అని పిలిచే మన సోదరుల కులవృత్తే పత్తిని ఏకడం. తెలుగే వారి ఇంటి భాష. నారి బిగించిన పెద్ద విల్లును వేలాడదీసి, కొయ్యతో ఆ నారిని మీటుతుంటే పత్తి పింజలు విడిపోయి మబ్బుల్లా లేచేవి. ఆ మోత వింటే చాలు, వీధి పిల్లలంతా అక్కడ చేరేవారు. అలా ఏకిన దూదే ఏకులై, నూలై, మగ్గానికెక్కి బట్టయ్యేది. లేదా పరుపులోకీ దిండులోకీ చేరేది.

ఇందులో గమనించవలసిన సంగతి ఒకటున్నది. దూది పరుపు కొన్నేళ్ళకు అణగి గట్టిపడుతుంది. అంతమాత్రాన దాన్ని ఎవరూ పారేసేవారు కాదు. దూదేకులాయన వచ్చి పరుపు విప్పి, అదే దూదిని మళ్ళీ ఏకి, ఎండబెట్టి, కావలసివస్తే కాస్త కొత్త దూది కలిపి, తిరిగి కుట్టి ఇచ్చేవాడు. తండ్రి పడుకున్న పరుపు మీదే కొడుకూ పడుకునేవాడు. ఫోం పరుపులు వచ్చాయి. అవి మెత్తగానే ఉంటాయి, కాదనడం లేదు. కాని పాడైతే వాటిని మళ్ళీ ఏకడానికి వీల్లేదు, చెత్తకుప్పే గతి. పరుపుతో పాటు ఎన్నో ఇళ్ళలో ఆ వృత్తి కూడా పోయింది. బాగుచేయడానికి వీలైన వస్తువు వాడుకలో ఉన్నంతకాలం బాగుచేసే మనిషికి పని ఉంటుంది. పారేసే వస్తువు వచ్చిననాడు ఆ మనిషి కూడా అక్కరలేని వాడవుతాడు. ఈ సంగతి మనసులో పెట్టుకుని మిగతాది వినవలసిందిగా ప్రార్థన.

ఇక చీరాల సంగతి. ఒకప్పుడు చీరాలలో నేసిన తేలియా రుమాళ్ళు ఓడలెక్కి అరబ్బు దేశాలకూ, ఆఫ్రికా తూర్పు తీరానికీ వెళ్ళేవి. నూలును నూనెలోనూ, ఆముదపు చెట్ల బూడిద కలిపిన నీళ్ళలోనూ ఎన్నో రోజులు నానబెట్టి ఎండబెట్టి, ఆ పైన ఎరుపు, నలుపు రంగులు వేసి నేసేవారు. ఎడారిలో తలకు చుట్టుకునే వారికి ఆ గుడ్డ చల్లగా ఉంటుందని పేరు. నేడు ఆ పని ముఖ్యంగా తెలంగాణాలోని పుట్టపాకలో సాగుతున్నది. 2020లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది.

మచిలీపట్నం అద్దకం బట్ట పేరే చూడండి. కలంకారీ అన్న మాట పారశీకం నుంచి వచ్చింది. గోల్కొండ సుల్తానుల కాలంలో ఆ రేవు నుంచి ఇరాన్‌కు ఈ బట్టలు వెళ్ళేవి. కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో గుడ్డను నానబెట్టడం, తుప్పు ఇనుము, బెల్లం ఊరబెట్టిన నీళ్ళతో నలుపు అద్దడం, పటికతో ఎరుపును పట్టించడం, పారే కాలవలో ఉతకడం, ఇలా ఒక్కొక్క బట్టకు ఎన్నో దశలు. పెడనలో ఈనాటికీ చెక్క అచ్చులతో ఈ పని చేసేవారున్నారు.

మష్రూ అనే బట్ట పేరు విన్నారో లేదో! ఆ మాటకు 'అనుమతించబడినది' అని అర్థం. మగవారు పట్టు ధరించరాదని మన ధర్మం. అందుకని పైకి పట్టు కనిపించేటట్టు, ఒంటికి మాత్రం పత్తి తగిలేటట్టు నేసిన బట్ట అది. ఒక్క బట్ట తయారుచేయడంలో మన పెద్దలు అందాన్నీ, ధర్మాన్నీ, ఒంటి సుఖాన్నీ ఎంత ఆలోచించారో చూడండి. ఆ ఆలోచనే ఈనాడు మన బజారులో కరువైంది.

ఒక బట్ట, నాలుగు బతుకులు

మన నానీలు, దాదీలు ఇంట్లో బట్టను ఎలా వాడేవారో పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. నాన్నగారి లుంగీ పాతబడితే పసిపిల్లకు పక్కగుడ్డ అయ్యేది, ఉయ్యాల అయ్యేది. చీర నలిగిపోతే నాలుగు మడతలు వేసి, పాత దుపట్టాల ముక్కలు పైన పేర్చి, బొంత కుట్టేవారు. బొంత చిరిగితే మసిగుడ్డ, మసిగుడ్డ చివరికి పొయ్యి రాజేయడానికి. చొక్కా కాలరు అరిగితే దర్జీ దాన్ని విప్పి తిరగేసి కుట్టేవాడు, మరో ఏడాది వచ్చేది. ఆడపిల్లల గౌనులకు లోపల రెండు మూడు మడతలు వదిలి కుట్టించేవారు, పిల్ల పొడుగైన కొద్దీ ఒక్కొక్క మడత విప్పేవారు. షేర్వానీకి చిరుగు పడితే రఫూ చేసేవారున్నారు. ఎక్కడ చిరిగిందో కుట్టినవాడికి తప్ప ఇంకెవరికీ తెలిసేది కాదు.

అలాగని ఆ రోజులన్నీ బంగారు రోజులని మేము అనడం లేదు. చాలా ఇళ్ళలో రెండే జతలుండేవి. ఒకటి ఉతికి ఆరేస్తే ఒకటి కట్టుకునేవారు. వర్షాకాలంలో తడిబట్టతోనే పనికి వెళ్ళేవారు. బొంతలు కుట్టి కుట్టి ఆడవాళ్ళ కళ్ళు పోయేవి. ఆ లేమి మళ్ళీ రావాలని ఎవరు కోరుకుంటారు? మనం కోరవలసింది ఆ పేదరికాన్ని కాదు, పేదరికంలో కూడా వారు బట్టకు ఇచ్చిన విలువను. మన ప్రవక్త (స) తన బట్టకు తానే అతుకు వేసుకునేవారనీ, తన చెప్పులు తానే బాగుచేసుకునేవారనీ హదీసుల్లో చదువుతాము. ఖలీఫా ఉమర్ అతుకుల బట్టతోనే రాజ్యమేలారని చరిత్రలో వింటాము. అతుకు వేసుకోవడం పరువుతక్కువ అని మనకు ఎవరు నేర్పారు?

చవక ధర వెనుక

1941లో ఇంగ్లండులో ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞులు టెరిలీన్ దారం కనిపెట్టారు. మన దగ్గర టెరిలీన్, టెరికాటన్ చొక్కాలు వచ్చినప్పుడు ఎంత మోజో! ఇస్త్రీ అక్కరలేదు, నలగదు, త్వరగా ఆరుతుంది. పేదవాడికి కూడా మెరిసే చొక్కా దొరికింది. అది మేలే. పాలిస్టర్ అని నేడు మనం పిలిచేది దాన్నే. ఇది పెట్రోలు తీసే ముడి నూనె నుంచే తయారవుతుంది. ఈనాడు ప్రపంచంలో తయారయ్యే దారపు పోగుల్లో సగానికి పైగా పాలిస్టరే. ఉతికిన ప్రతిసారీ దాని నుంచి కంటికి కనబడని ప్లాస్టిక్ నలుసులు ఊడి నీళ్ళలో కలుస్తున్నాయి. పత్తి గుడ్డ మట్టిలో పడితే మట్టి అవుతుంది. ఇది కాదు.

అలాగని పత్తి అంతా పుణ్యమే అనుకోవద్దు. ఒక్క పత్తి టీషర్టు వెనుక సుమారు 2,700 లీటర్ల నీళ్ళు ఖర్చవుతాయని ప్రసిద్ధమైన అంచనా ఒకటున్నది. మధ్య ఆసియాలో ఆరల్ సముద్రం అని ఒకటున్నది. 1960ల నుంచి పత్తి చేల కోసం దానిలోకి వచ్చే రెండు నదులను మళ్ళించారు. సముద్రం చాలా భాగం ఇంకిపోయింది. ఉజ్బెకిస్తాన్‌లో ఒకనాటి రేవు పట్టణం దగ్గర చేపల పడవలు ఇసుకలో తుప్పు పట్టి నిలబడి ఉన్నాయి. పాలిస్టరైనా పత్తి అయినా అవసరానికి మించి కొనడంలోనే అసలు తప్పున్నది.

ఎంత మించి కొంటున్నామో కొన్ని లెక్కలు చెబుతాము. 2000 నుంచి 2015 వరకు పదిహేనేళ్ళలో ప్రపంచంలో బట్టల తయారీ దాదాపు రెట్టింపయింది. అదే కాలంలో ఒక బట్టను తొడిగే సార్లు 36 శాతం తగ్గాయి. పాత బట్ట నుంచి మళ్ళీ కొత్త బట్ట అయ్యేది ఒక్క శాతం కూడా లేదు. ఇవి ఎలెన్ మెకార్థర్ ఫౌండేషన్ 2017లో ప్రకటించిన వివరాలు. ఏటా 9 కోట్ల 20 లక్షల టన్నుల బట్టల చెత్త పోగవుతోందని ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ చెబుతోంది. పత్తీ పాలిస్టరూ కలిపి నేసిన గుడ్డలో రెండు దారాలనూ విడదీయడం కష్టం. అందుకే దాన్ని మళ్ళీ దారంగా మార్చడం అంత తేలిక కాదు.

ఆ చెత్తంతా ఎక్కడికి పోతోంది? దక్షిణ అమెరికాలో చిలీ దేశపు అటకామా ఎడారిలో తొడగని కొత్త బట్టలతో సహా కుప్పలు కుప్పలుగా పారబోశారు. ఆఫ్రికాలో ఘనా రాజధాని అక్రాలో కాంటామాంటో అనే సంత ఉన్నది. ధనిక దేశాల వారు దానం చేశామనుకున్న బట్టలు మూటలుగా అక్కడికి చేరతాయి. వారానికి కోటీ యాభై లక్షల దాకా వస్తాయని అక్కడ పనిచేసే స్వచ్ఛంద సంస్థ ఒకటి అంచనా వేసింది. అమ్ముడుపోనివి మురికికాలవల్లోకి, అక్కడి నుంచి సముద్రంలోకి పోతాయి. 2025 జనవరి 1 రాత్రి ఆ సంతలో నిప్పంటుకుని చాలా భాగం కాలిపోయింది. పాత బట్టలు బాగుచేసి అమ్ముకునే వేలాది చిన్న వ్యాపారులు వీధిన పడ్డారు.

ఇక కుట్టేవారి సంగతి. 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లో ఢాకా దగ్గరి సావర్‌లో రాణా ప్లాజా అనే ఎనిమిదంతస్తుల భవనం కూలిపోయింది. ముందురోజే గోడల్లో పగుళ్ళు కనిపించాయి. కింది అంతస్తుల్లోని బ్యాంకు, దుకాణాలు మూసేశారు. పై అంతస్తుల్లోని బట్టల ఫ్యాక్టరీల కార్మికులను మాత్రం మర్నాడు పనికి రమ్మన్నారు. 1,134 మంది చనిపోయారు. వారిలో ఆడవాళ్ళే ఎక్కువ. వారు కుట్టిన చొక్కాలు దేశదేశాల షాపుల్లో చవక ధరకు అమ్ముడయ్యేవి. బట్ట అంత చవకగా ఎలా వస్తున్నదని మనం అడగాలి. మనం చెల్లించని ఖరీదు ఎక్కడో ఎవరో చెల్లిస్తున్నారు.

పండుగలు, పెళ్ళిళ్ళు

అంత దూరం ఎందుకు? మన ఊళ్ళో, మన ఇళ్ళలో చూద్దాం.

రంజాన్ పండుగకు కొత్త బట్టలు కట్టుకోవడం సంతోషం. పిల్లల మొహాల్లో ఆ వెలుగు చూడటానికే గదా పెద్దవాళ్ళు కష్టపడేది! ఆ సంతోషాన్ని మేము కాదనము. ఉన్నంతలో శుభ్రమైన, మంచి బట్ట కట్టి నమాజుకు రావాలని మన ధర్మమే చెబుతోంది. దుస్తులు ఒంటిని కప్పడానికీ, అందానికీ దేవుడిచ్చిన అనుగ్రహమని ఖురాన్ బోధిస్తుంది. ఆ అందం చెప్పినచోటే హద్దు దాటవద్దనీ హెచ్చరిస్తుంది. పండుగకు ఒక జత సరిపోయేచోట ఇప్పుడు నాలుగు జతలవుతున్నాయి. ఫోనులో వేలు తగిలిస్తే చాలు, మూట గుమ్మంలోకి వస్తోంది. వచ్చింది సరిపోకపోతే అలమారలో పడేస్తున్నాము.

మరోపక్క మన దర్జీల సంగతి చూడండి. చాలామంది బట్ట కొనేది రంజాన్ చివరి పది రోజుల్లో. కుట్టవలసింది చాంద్ రాత్‌లోపు. ఉపవాసముండి, తరావీ నమాజు చదివి, రాత్రంతా మిషను తొక్కి, సహరీ వేళకు కళ్ళు మూసే దర్జీలు మన మహల్లాల్లోనే ఉన్నారు. పండుగ అయ్యాక మజూరీకి తిప్పించుకునే పెద్దమనుషులూ ఉన్నారు. కూలివాని చెమట ఆరకముందే కూలి ఇవ్వాలన్న ప్రవక్త (స) బోధ మనందరికీ కంఠస్థమే. ఆచరణ దగ్గరే ఇబ్బంది. అలాగే మనం మగ్గం వర్క్ అని ముద్దుగా పిలుచుకునే జర్దోజీ పని చేసే కుర్రవాళ్ళను చూడండి. చట్రానికి బిగించిన గుడ్డ మీదికి రోజంతా వంగి, సూది మొనలో ప్రాణం పెట్టి పనిచేస్తారు. వారి చేతి పని చేసిన జాకెట్టు చీరకన్నా ఖరీదుంటుంది. ఒక పెళ్ళికి తొడిగి పెట్టెలో పెడతాము. ఆ ఖరీదులో వారి చేతికి ఎంత అందిందో అడిగేవారు తక్కువ.

పెళ్ళి దగ్గరికి వస్తే కథ మరీ పెద్దది. మంఝాకు ఒక జత, నిఖాకు ఒకటి, వలీమాకు ఒకటి. ఆ పైన అటువైపు ఖాలాలకూ, ఫుప్పీలకూ, ఆపాలకూ, వారి పిల్లలకూ పెట్టుబడి బట్టలు. పెట్టుబడి బట్ట ఎవరు కట్టుకుంటారండీ? ఇది ఆమె నాకిచ్చింది, నేను ఇంకొకరికిస్తాను అని పది ఇళ్ళు తిరిగి, మడత విప్పకుండానే పాతబడుతుంది. అది ఎవరి ఒంటినీ కప్పలేదు గాని, ఆడపిల్ల తండ్రి మీద మాత్రం అప్పై కూర్చుంది.

'జోడే కీ రఖం' అన్న మాట మన దక్కనులో అందరికీ తెలుసు. జోడా అంటే బట్టల జత. పెళ్ళికొడుకు బట్టలకని చెప్పి ఇచ్చే పైకం అది. ఒక జత బట్ట పేరు చెప్పి నేడు లక్షలు అడుగుతున్నారు. 1961లోనే వరకట్న నిషేధ చట్టం వచ్చింది. కట్నం అన్న మాట నోటితో అనకుండా బట్ట ముసుగు కప్పి అదే తీసుకుంటున్నాము. నిఖాలో మెహర్ ఇవ్వవలసినవాడు మగవాడు. మరి ఈ జోడా సొమ్ము ఏ లెక్కన అడుగుతున్నామో తమరే ఆలోచించండి. ఒంటిని కప్పవలసిన బట్ట ఇక్కడ అన్యాయాన్ని కప్పుతున్నది.

కొన్ని సందేహాలు

"మంచి బట్ట కొనాలంటే డబ్బెక్కడిది? పేదవాడికి చవక బట్టే దిక్కు గదా" అంటారు. న్యాయమైన ప్రశ్న. లేనివాడు చవక బట్ట కొంటే అతన్ని తప్పు పట్టడానికి మనకు నోరు లేదు. నిజానికి లేనివాడే బట్టను చిరిగేదాకా తొడుగుతాడు. మేము చెప్పేది కొద్దో గొప్పో ఉన్నవారికి. లెక్క కోసం ఒక ఉదాహరణ తీసుకుందాం. 300 రూపాయల చొక్కా పదిహేనుసార్లకు రంగుపోయి మూలపడితే తొడిగిన ప్రతిసారికీ 20 రూపాయలు పడింది. 900 రూపాయల గట్టి చొక్కా నూట యాభైసార్లు తొడిగితే ప్రతిసారికీ 6 రూపాయలే. ఏది చవక?

"పిల్లలు ఊరుకోరండీ, తోటివాళ్ళతో పోల్చుకుంటారు" అని తల్లులంటారు. పిల్లలు మొదట పోల్చుకునేది మనతోనే. ఒక ఫంక్షన్‌కు తొడిగిన బట్ట మళ్ళీ ఇంకో ఫంక్షన్‌కు తొడగడం నామోషీ అని ఇంట్లో పెద్దవాళ్ళే అంటుంటే పిల్లలు మరేం నేర్చుకుంటారు?

ఇంట్లో చేయగలిగినవి

కొనేముందు అలమార తెరిచి చూడండి. అందులో ఉన్నవాటిలో మూడింటితోనైనా కలిసివస్తే కొనండి. కుట్లు లాగి చూడండి. లోపల మార్జిను ఉన్నదా, గుండీలు గట్టిగా ఉన్నాయా, వెలుతురుకు పట్టి చూస్తే నేత చిక్కగా ఉన్నదా చూడండి. గుడ్డ ఏమిటో తెలియాలంటే ఇంటికి వచ్చాక లోపలి అంచు నుంచి రెండు పోగులు లాగి, పట్టకారుతో పట్టుకుని, స్టీలు పళ్ళెం మీద కాల్చండి. ఇది పెద్దవాళ్ళే చేయాలి. పత్తి అయితే కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిద రాలుతుంది. పట్టు, ఉన్ని అయితే వెంట్రుక కాలిన వాసన వేస్తుంది. పాలిస్టరైతే కరిగి గట్టి పూసలా అవుతుంది. పాలిస్టరు కరిగి ఒంటికి అతుక్కుంటుంది గనుక పొయ్యి దగ్గర పనిచేసేవారు పత్తి బట్టే కట్టుకోవడం క్షేమం.

పత్తి గుడ్డ కుట్టించేటప్పుడు ముందు నీళ్ళలో తడిపి ఆరబెట్టి దర్జీకి ఇవ్వండి, తర్వాత కుంచించుకుపోదు. పెరిగే పిల్లల బట్టలకు లోపల మడత వదలమని అడగండి. ఉతికేటప్పుడు రంగు బట్టలు తిరగేసి ఉతకండి, నీడన ఆరేయండి. ప్రతి బట్టా ఒక్కసారి తొడగగానే ఉతకనక్కరలేదు, గాలికి ఆరేస్తే చాలినవి ఎన్నో ఉంటాయి. జరీ బట్టలను మెత్తటి పాత నూలు గుడ్డలో చుట్టి పెట్టండి, నాలుగైదు నెలలకోసారి మడత మార్చండి. ఒకే మడత మీద ఉంటే అక్కడే చీలుతుంది.

గుండీ కుట్టడం, ఊడిన అంచు వేయడం, చిన్న చిరుగుకు అతుకు వేయడం ఆడపిల్లలతో పాటు మగపిల్లలకూ నేర్పండి. ప్రవక్త (స) చేసిన పని మన కొడుకులకు చిన్నతనమెలా అవుతుంది?

వీలైనప్పుడు చేనేత కొనండి. మంగళగిరి, చీరాల, పెడన, పోచంపల్లి మనకు దూరం కాదు. శ్రీకాకుళం జిల్లా పొందూరులో వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి సన్నని ఖద్దరు నేస్తున్నారు. హైదరాబాదుకు చెందిన ఉజ్రమ్మ గారు మల్ఖా అనే బట్టకు పూనుకున్నారు. మామూలుగా మిల్లుకు పంపేటప్పుడు పత్తిని గట్టిగా నొక్కి బేళ్ళు కడతారు. ఆ నొక్కుడు లేకుండా చేలకు దగ్గరలోనే వడికి, నేసి, మెత్తటి బట్ట తీయడం అందులోని ఆలోచన. పోచంపల్లి నేతలో దారం చుట్టే ఆసు పని చేసే తల్లి చేతుల నొప్పి చూడలేక చింతకింది మల్లేశం ఆసు యంత్రం కనిపెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. చేనేత గుడ్డ కొన్నామంటే అలాంటి ఇళ్ళలో పొయ్యి వెలిగించినట్టే.

సొసైటీ చేయగలిగినవి

ఇక సొసైటీగా మనం చేయగలిగినవి కొన్ని కార్యవర్గం ముందు ఉంచుతున్నాము.

మొదటిది, దానం చేసే తీరు. మనం సేకరించే పాత బట్టల మూటలు విప్పితే గుండీలు లేనివి, మరకలవి, చిరిగినవి కనిపిస్తాయి. మనకిస్తే కళ్ళు మూసుకుని గాని పుచ్చుకోలేనిదాన్ని ఇతరులకు ఇవ్వవద్దని ఖురాన్ స్పష్టంగా బోధించింది. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత తమిళనాడు తీరంలో దేశం నలుమూలల నుంచి వచ్చిన పనికిరాని బట్టలు రోడ్ల పక్క కుప్పలుగా పడి ఉన్నాయి. బాధితులు వాటిని ముట్టలేదు. గూంజ్ అనే సంస్థ వాటిని ఏరి, శుభ్రం చేసి, తొడగడానికి పనికిరాని నూలు గుడ్డను కూడా ఆడవారి నెలసరి గుడ్డలుగా తయారుచేసి వినియోగంలోకి తెచ్చింది. ఆ సంస్థను స్థాపించిన అంశు గుప్తాకు 2015లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. మనమూ అదే పద్ధతి పాటిద్దాం. ఉతికి, ఇస్త్రీ చేసి, గుండీలు కుట్టిన బట్టలే తీసుకుందాం. వాటిని కొలతల వారీగా వేలాడదీద్దాం. అవసరమున్నవారు తామే వచ్చి, తమకు నచ్చింది తామే ఎంచుకుంటారు. పుచ్చుకునేవారి ఫోటోలు తీయవద్దు. పేదవాడికి కూడా ఇష్టం అయిష్టం ఉంటాయి, పరువూ ఉంటుంది.

రెండవది, పెళ్ళి బట్టల అలమార. ఒక్కరోజు తొడిగిన షేర్వానీలు, ఖడా దుపట్టాలు, షరారాలు ఎన్ని ఇళ్ళలో పెట్టెల్లో మగ్గుతున్నాయో! వాటిని సొసైటీకి ఇస్తే శుభ్రం చేయించి భద్రపరిచి పెళ్ళిళ్ళకు ఇవ్వవచ్చు. మొదట ఉన్నవారి పిల్లలు తొడగాలి. లేనివారికి మాత్రమే అన్నామంటే అది భిక్ష అవుతుంది, అందరూ వాడితే మర్యాద అవుతుంది.

మూడవది, స్కూలు యూనిఫారాలు. పిల్లలు ఏడాదికో కొలత పెరుగుతారు, యూనిఫారం మాత్రం ఇంకా బాగానే ఉంటుంది. బడులు తెరిచే జూన్ నెలకు ముందు ఒక ఆదివారం మార్పిడి పెడితే ఎన్నో ఇళ్ళ ఖర్చు తగ్గుతుంది.

నాలుగవది, నెలకో రోజు మరమ్మతు శిబిరం. మన మహల్లా దర్జీలకే మజూరీ ఇచ్చి పిలుద్దాం. జిప్పులు, కాలర్లు, అంచులు బాగుచేయించుకుందాం. ఉచితంగా చేయమని మాత్రం అడగవద్దు. నేర్చుకోవాలనుకునే అమ్మాయిలూ అబ్బాయిలూ పక్కన కూర్చుని నేర్చుకుంటారు. పాత నూలు గుడ్డలతో బొంతలు, సంచులు కుట్టే పని మహిళా సభ్యులు చేపడితే ఆ ఆదాయం వారిదే.

అయిదవది, పండుగ బట్టలు షాబాన్ నెలలోనే దర్జీకి ఇస్తామనీ, బట్ట తెచ్చుకున్నరోజే మజూరీ చెల్లిస్తామనీ సభ్యులందరూ ఒక మాట అనుకోవడం. దీనికి పైసా ఖర్చు లేదు.

చివరిది, అన్నిటికన్నా కష్టమైనది. పెట్టుబడి బట్టలూ, జోడే కీ రఖమూ తీసుకోమని, ఇవ్వమని ఈ సభలో కూర్చున్న పెద్దలు ముందుగా నిర్ణయించుకోవాలి. ఆడపిల్ల తండ్రి ఒక్కడే ఈ మాట అనలేడు, సంబంధం చెడుతుందని భయపడతాడు. అనవలసింది మగపిల్లవాడి తల్లిదండ్రులు. మన కార్యవర్గ సభ్యుల ఇళ్ళలో ముందుగా జరిగే పెళ్ళిళ్ళతోనే ఇది మొదలైతే ఊరంతా చూస్తుంది, ఆ తర్వాత ఎవరికీ ఉపన్యాసం అక్కరలేదు.

మేము కోరిన ఈ ఆరింటిలో అయిదు చిన్న పనులే. అవి ఈ సంవత్సరమే మొదలుపెట్టవచ్చు. ఆరవదానికి ధైర్యం కావాలి. ఆ ధైర్యాన్ని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక!